మూడు అట్టముక్కల మందం

మా బావ పనిని నేను పాడు చేశాను. ఎవరి కోసం, ఎందుకు అన్నది తర్వాత. ముందు ఈ మాట కాగితం మీద పడాలి. తొమ్మిదేళ్ళు నోట్లో నానబెట్టాను, చాలు.

మాది పేరుబిళ్ళలు చేసే షాపు. లేజర్ మిషన్ మీద ఒక్కో బిళ్ళా పెట్టి పేరు చెక్కుతూ కూర్చుంటే వారమైనా ఆర్డరు తెమలదు. అందుకని ఒక అక్రిలిక్ పలకలో బిళ్ళ ఆకారంలోనే నలభై ఎనిమిది గుంటలు కోసి, అన్నిట్లోనూ బిళ్ళలు పరిచి, పలకని ఒకేసారి లోపలికి తోస్తారు. ఆ పలకనే జిగ్ అంటారు. గుంట బిగువైతే బిళ్ళ దిగదు. వదులైతే కదులుతుంది. కదిలిందా, పేరు పక్కకి పోతుంది, బిళ్ళ చెత్తబుట్టలోకి పోతుంది.

మా అక్క మొగుడు జిగ్‌లు చెయ్యడంలో మొనగాడు. ఏది చూపించినా "ఒక్క పిసరు తగ్గించాలి" అంటాడని షాపులో ఆయనకి పిసరు అనే పేరు పెట్టారు. బిళ్ళల పెట్టె వస్తే పైనున్న ఒక్కటి కొలిచి ఊరుకునే రకం కాదు. అడుగునుంచి, మధ్యనుంచి, మూలలనుంచి ఇరవై ఏరి, వెంట్రుకవాసి తేడా కూడా చూపించే కాలిపర్‌తో కొలిచేవాడు. అన్నిట్లోకీ పెద్దదాన్ని బట్టి గుంట. కోసేటప్పుడు లేజర్ కిరణం కూడా కాస్త తినేస్తుంది కదా, ఎంత తింటుందో ఏ రోజుకారోజు పనికిరాని ముక్క మీద కోసి చూసి, అంత తగ్గించేవాడు. గుంటలో పెట్టిన ప్రతి బిళ్ళనీ వేలితో ఒకే మూలకి నెట్టేవాడు. మిషన్ బల్ల మీద ఎడమపక్కన ఒక నల్ల ఇనప పట్టీ బిగించాడు. జిగ్ ఎన్నిసార్లు తీసి పెట్టినా దాని అంచు ఆ పట్టీకి ఆనాల్సిందే.

నన్ను ఆ షాపులో పెట్టించింది ఆయన. కాలిపర్ పట్టడం నేర్పిందీ ఆయనే. నాకేమో చెయ్యి కన్నా నోరెక్కువ.

"నీ నోటికి కూడా ఒక జిగ్ చెయ్యాలిరా బావమరిదీ, మాట పక్కకి జరక్కుండా," అనేవాడు.

"ముందు మా అక్క నోటికి చేసి చూపించు బావా," అనేవాణ్ణి. ఆయన గబుక్కున చుట్టూ చూసుకునేవాడు, అక్క అక్కడెక్కడో ఉన్నట్టు.

అప్పుడు షాపులో ఎనిమిది మిషన్లు, ఎనిమిదిమందిమి. బావ జిగ్‌ల వల్ల మిషన్ తిరుగుతున్నంతసేపూ మనిషి చేతులు కట్టుకుని నిలబడడం ఓనరు కంట్లో పడింది. రెండు మిషన్లకి ఒక్కడు చాలన్నాడు. అంటే నలుగురు ఇంటికి. పని బాగా చేసినందుకు దొరికిన బహుమానం అది. నేను అర్జీ రాశాను. ఒక్క మనిషి రెండు మిషన్లు చూస్తే సరుకు పాడవుతుందని రాశాను. ఆరుగురి చేత సంతకాలు పెట్టించాను. బావ పెట్టలేదు.

"జిగ్ సరిగ్గా ఉంటే ఒక్కడు రెండు చూడొచ్చురా. చూడలేమని అబద్ధం ఎలా రాసివ్వను? ఆ నలుగుర్నీ తియ్యొద్దని అడుగు, వస్తాను."

నలుగురి పొయ్యిలు ఆరిపోతుంటే నీకు నిజాలు కావాలా అని అరిచాను. వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆ వారంలోనే ఓనరు ఆయన్ని రెండు మిషన్ల మీద నిలబెట్టాడు, చూపించడానికి. నా మిషన్ కూడా ఆయనకే ఇచ్చి, చెక్కిన బిళ్ళలు తీసి ప్యాకింగ్‌కి మొయ్యడం నాకు అప్పగించాడు.

ఆస్పత్రి వాళ్ళ ఆర్డరు. నాలుగువందల ఎనభై పేరుబిళ్ళలు, పది విడతలు. ఒక్కో బిళ్ళకి చుట్టూ సన్నగీత ముందే అచ్చువేసి ఉంది, పేరు దాని నడుమ పడాలి. మొదటి విడత ముత్యాల్లా వచ్చింది. బావ పక్క మిషన్ దగ్గరికి వెళ్ళగానే నేను జేబులోంచి అట్టముక్కలు తీశాను. ఓనరు విజిటింగ్ కార్డుని మూడు ముక్కలు చేసి, ఒకదాని మీద ఒకటి అంటించి, పట్టీ రంగులో కలిసిపోయేలా నల్లసిరా పూసి, ముందురోజే సిద్ధం చేసి పెట్టుకున్నాను. కోపంలో చేసిన పని కాదది. వాటిని పట్టీ లోపలివైపు అంటించాను. మిగతా తొమ్మిదిసార్లూ బావ జిగ్‌ని ఆ అట్టకే ఆనించాడు. అక్షరాలన్నీ ఎడమగీతని కరుచుకుని వచ్చాయి. ఆయన చూసేలోపే నేను ఎత్తుకుపోయాను. చివర్లో అట్ట పీకేసి జేబులో వేసుకున్నాను.

ప్యాకింగ్‌లో పెట్టె తెరిచాక గోల. ఓనరు బావని అందరి ముందూ నిలదీశాడు. బావ జిగ్ కొలిచాడు, పట్టీ కొలిచాడు, అన్నీ సరిగ్గా ఉన్నాయి. "నేనే ఆనించి ఉండను సార్," అన్నాడు. ఇద్దరు మనుషులుంటే ఇలా అయ్యేది కాదని నేను అందుకున్నాను, గొంతు పెంచి, అర్జీ ఊపుతూ. ఓనరు జడిసి వెనక్కి తగ్గాడు. నలుగురూ మిగిలారు. నన్ను భుజాల మీద ఎత్తుకున్నంత పని చేశారు.

మర్నాడు బావ ప్యాకింగ్‌కి మారిపోయాడు, అడిగి మరీ. మళ్ళీ జిగ్ ముట్టలేదు. ఇంట్లో మేకు కొట్టాలన్నా సుత్తి అక్కకి ఇచ్చేవాడట. ఏటికేడు చెబుదామనుకుంటూ చెప్పలేదు. గెలిచిన కథని నేనే నాలుగు కార్మికుల మీటింగుల్లో చెప్పుకున్నాను మరి.

మొన్న మేనకోడలు సొంతంగా ఒక గది తీసుకుని చిన్న లేజర్ మిషన్ పెట్టింది. తాళంచెవుల బిళ్ళలు చేస్తుంది. జిగ్ కుదరక సగం పాడవుతున్నాయి. "నాన్న ససేమిరా అంటున్నారు మామయ్యా. తన చెయ్యి మీద తనకే నమ్మకం లేదట. నువ్వు చెబితే వింటారు," అంది.

ఆ మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళి, అక్క ఉండగానే, మొత్తం చెప్పేశాను. అక్క కుడుతున్న బొత్తాం వదిలేసి లోపలికి వెళ్ళిపోయింది.

"ఎన్ని ముక్కలు?" అన్నాడు బావ.

"మూడు. విజిటింగ్ కార్డువి."

ఆయన లేచి బీరువాలోంచి రుమాలు మూట తీశాడు. అందులో ఆనాటి బిళ్ళ ఒకటి. గీతకీ అక్షరానికీ మధ్య గోరుతో గీసి చూశాడు. "పాయింట్ తొమ్మిది మిల్లీమీటరు జరిగింది. ఒక్కో ముక్క పాయింట్ మూడు. సరిపోయింది," అన్నాడు. "ఆనించకపోతే తొమ్మిదిసార్లూ ఒకేలా ఎలా జరుగుతుందని ఇన్నాళ్ళూ..." మొహం విచ్చుకుంది. లెక్క తేలినందుకు నిజంగా సంతోషపడ్డాడు. నన్ను తిట్టి ఉంటే ఈ కథ రాసేవాణ్ణి కాదేమో.

తర్వాత ఆ వెలుగు పోయింది.

"నువ్వేనేమోనని ఒకసారి అనిపించిందిరా. ఛ, నాతో పోట్లాడతాడు గానీ పని మీద చెయ్యి వెయ్యడనుకున్నాను."

"నలుగురి కోసం బావా."

"ఆ సాయంత్రం నా చెవిలో చెప్పుంటే సరిపోయేది. తప్పు నాదని ఓనరు ముందు ఎలాగూ ఒప్పుకున్నాను. కాదని నాకు ఒక్కడికి తెలిసుండేది."

 

మర్నాడు ఆయన కూతురి గదికి వచ్చాడు. నన్ను రమ్మనలేదు, వద్దనలేదు. పెట్టె అడుగునుంచి ఇరవై బిళ్ళలు ఏరాడు. కాలిపర్ కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి, దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశాడు. దాని మీది గీతలు కంటికి ఆనడం లేదు. ఆనే రోజుల్లో కొలవనివ్వలేదు నేను.

"ఇటివ్వు, నేను చదువుతాను బావా," అంటూ చెయ్యి చాపాను.

ఆయన కాలిపర్ కూతురికి ఇచ్చాడు. ఆ పిల్ల చదివింది. "మళ్ళీ," అన్నాడు. మళ్ళీ చదివింది. ఇరవై బిళ్ళలూ అలాగే, రెండేసిసార్లు.

సాయంత్రానికి జిగ్ తయారైంది. బిళ్ళలన్నీ మూలకి నెట్టి, ఈ మిషన్‌కీ తను బిగించిన పట్టీకి జిగ్‌ని ఆనించాడు. మిషన్ నొక్కబోతున్న కూతుర్ని ఆపాడు. జిగ్‌ని మళ్ళీ వెనక్కి లాగి, పట్టీ లోపలి అంచు మీద ఈ చివరినుంచి ఆ చివరిదాకా వేలితో తడిమి చూశాడు. అప్పుడు ఆనించాడు.

వెనకటికి ఆయనకి ఆ అలవాటు లేదు.