అత్తమ్మను అడగలేదు

ఆరిన బట్టలు మడతపెడుతూ అఖిల ఆ మాట బయటపెట్టింది. గచ్చిబౌలి ఆఫీసులో ఆరేళ్లుగా నేల తుడుస్తున్న తనను సోమవారం నుంచి సూపర్‌వైజర్‌ని చేస్తారట. డ్యూటీ పొద్దున ఆరింటికే.

క్యాబ్ నడిపే భర్త మహేందర్ టీ తాగుతూ తలెత్తాడు. "మంచిగనే ఉన్నది. మరి పింకీ?"

"అత్తమ్మ ఉన్నది కదా."

ఏడాది మనవరాలు పింకీకి పప్పన్నం తినిపిస్తున్న నర్సమ్మ చెయ్యి ఆగింది. "నన్నెవరన్న అడిగిన్రా?"

ఆ గొంతులో కోపం లేదు. అందుకే అఖిలకు భయమేసింది.

నర్సమ్మ మెల్లగా చెప్పింది. పుప్పాలగూడలో కడుతున్న అపార్ట్‌మెంట్ల దగ్గర కూలీల పిల్లల కోసం బాలవాడి తెరిచారు. ఆయాగా రమ్మన్నారు, ఎనిమిదింటి నుంచి నాలుగింటి దాకా. మూడు రోజులుగా ఆమె ఆ మాట నోట్లోనే పెట్టుకుంది.

"ఎట్ల జెప్పాలెనో తెల్వలే బిడ్డా. వీడు సంటోడుగ ఉన్నప్పుడు చీర ఊయలల ఏసి ఇటుకలు మోసిన. ఏడుస్తుంటే ఇనుకుంటనే మోసిన. ఇప్పుడు గసొంటి పిల్లల్ని ఎత్తుకునే పని దొరికింది. పోవాలనున్నది."

అఖిల చేతిలో మడత చెదిరింది. పింకీ పుట్టినప్పటి నుంచి తాను ఎన్ని మాటలు పడింది! 'జీతం తెస్తే తల్లయిపోతదా' అన్న ఆడబిడ్డ, 'జ్వరమొచ్చిన పిల్లను ఇడిసి పోనీకె మనసెట్లొప్పింది' అన్న మొగుడు. నీకేం కావాలని తననెవరూ అడగరని బాత్రూంలో కొళాయి తిప్పుకుని ఏడ్చిన రోజులున్నాయి. అదే తాను, ఏడాదిగా తన పిల్ల ఉచ్చగుడ్డలు ఉతికిన ఈ మనిషిని ఒక్కసారైనా అడిగిందా? ఇంట్లో గోడ ఉన్నట్టే అత్తమ్మ కూడా ఉంటుందనుకుంది.

వెళ్లి పక్కన కూర్చుంది. "పో అత్తమ్మా. పింకీని గూడ తోల్కపో. ఆరు నుంచి ఎనిమిది దాక వాళ్ల నాయిన చూస్తడు, నువ్వు నిమ్మలంగ తయారుగా."

"నేనా? నాకేమొస్తది?" అన్నాడు మహేందర్.

"పదింటికి గద నీ బండి. నేర్చుకో."

నర్సమ్మ ఫక్కున నవ్వింది. చాలా రోజులైంది ఆ నవ్వు విని.

సోమవారం ఆరున్నరకు అఖిల ఫోన్ మోగింది. వెనక పింకీ ఏడుపు. "ఆపుతలేదే! మా అమ్మ చూసి నవ్వుతున్నది గని లేస్తలేదు. ఏం జెయ్యాలె?"

తనకూ మొదట్లో ఏమీ తెలిసేది కాదని అఖిల అతనికెప్పుడూ చెప్పలేదు.

"ఎత్తుకో," అంది ప్రేమగా. "నాకు గూడ గట్లనే వచ్చింది."