గోడ మీద తలకట్లు

బోర్డులు రాసే పెయింటరు కూతురికి ఇంట్లో ఉన్న పేరు తొందరపిల్ల. ఆ పేరు పెట్టింది తండ్రే. బ్రష్షు పట్టుకుందో లేదో, "నీకు ఓపిక లేదమ్మా, వదినకివ్వు" అనేవాడు. ఆ వదిన ఆయన మేనకోడలు, చదువు కోసం వచ్చి వీళ్లింట్లోనే ఉంటోంది. రెండు నెలలు పెద్దదైన పాపానికి తొందరపిల్ల ఆమెను వదినా అని పిలవాలి. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు గానీ, ఇక్కడ ఆ పుల్లకూర ఏకంగా ఇంట్లోకొచ్చి పీట వేసుకుని కూర్చుంది. "రాతంటే నా మేనకోడలిదే" అని తండ్రి వచ్చినవాళ్లందరికీ చెబుతుంటే తొందరపిల్లకు కడుపు భగ్గుమనేది. స్కూల్లో బోర్డులు కూడా వదినే రాసేది.

ఆ ఇంటి రాతకో పద్ధతుంది. ముందు అక్షరాలన్నీ బోడిగా రాసి, ఆరనిచ్చి, చివర్లో వరసగా తలకట్లు పెట్టుకుంటూ వస్తారు. అలాగైతేనే అన్నీ ఒక్క ఎత్తున నిలుస్తాయని పెయింటరు నమ్మకం.

క్లాసులో చివరి బెంచీ పొడుగుపిల్లది. ఎవరిని ఏడిపించాలో, ఎవరితో మాట్లాడాలో ఆమె చెప్పాలి. ఆ బెంచీలో చోటు కోసం తొందరపిల్ల ఏడాదిగా తిరుగుతోంది. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ చోటు ఇస్తామన్నారు, ఒక షరతు మీద. స్కూలు వెనక గోడ మీద "లెక్కల మాస్టారి తలకాయ నిండా గడ్డి" అని రాయాలి.

రాసింది. ఇంట్లో ఎవరూ రాయనివ్వనంత పెద్ద అక్షరాలు, నీలం రంగులో. మొదటిసారి తొందరపడలేదు. ఆరేదాకా ఎండలో కూర్చుని మరీ తలకట్లు పెట్టింది.

సోమవారం పొద్దున్నే పెద్దటీచరు గోడ చూసింది. ఆరిన రంగు మీద పెట్టిన తలకట్టు వేలికి తగులుతుంది. అలా రాసేది ఒక్క ఇంటివాళ్లే, ఆ ఇంట్లో పిల్లల్లో రాసేదెవరో అందరికీ తెలుసు. క్లాసంతా చూస్తుండగా వదినను గోడ ముందు నిలబెట్టి, "టీసీ ఇచ్చి పంపేస్తాను" అంది. పెయింటరుకు కబురు వెళ్లింది.

"నేను రాయలేదు టీచర్" అంది వదిన. తలకట్ల వైపు చూసింది, తొందరపిల్ల వైపు చూసింది, ఇక నోరు విప్పలేదు.

"నోరెత్తావో, ఇక మాకు నువ్వెవరో, మేమెవరమో" అని పొడుగుపిల్ల తొందరపిల్ల చెయ్యి గిల్లింది.

చెప్పొద్దూ, తొందరపిల్లకు లోపల చల్లగానే ఉంది. వదిన పోతే బ్రష్షు తనది, నాన్న తనవాడు. తప్పని తెలుసు. తెలిసీ బెల్లం కొట్టిన రాయిలా నిలబడింది.

తండ్రి వచ్చాడు, మోచేతుల దాకా రంగుతో. పెద్దటీచరు చెప్పిందంతా తల దించుకుని విన్నాడు. "తప్పేనమ్మా, క్షమించండి" అని గోడ దగ్గరికెళ్లాడు. 'లెక్కల' దగ్గర ఆగిపోయాడు. తలకట్టును వేలితో తడిమి మేనకోడలి వైపు తిరిగాడు. కోప్పడదామనే అనుకున్నాడు గానీ కళ్లు మాట వినలేదు.

"రాసింది చెత్తే గానీ... ఈ 'క్క' వంపు నాకే ఇంత నున్నగా రాదే! నీకు చెయ్యి ఇంతలా ఎప్పుడు తిరిగింది తల్లీ? నన్ను మించిపోయావు."

తొందరపిల్లకు ఒళ్లు మండిపోయింది. పుట్టి బుద్ధెరిగాక ఎదురుచూసిన మాట అది. దాన్ని కూడా వదినకే ఇచ్చేస్తున్నాడు.

"అది నా రాత నాన్నా!" అని అరిచింది. "దానికి ఆ 'క్క' ఎప్పుడు వచ్చింది గనక? నేనే రాశాను. వదిన ఈ గోడ ముట్టుకోనే లేదు."

చివరి బెంచీ వాళ్లు అప్పటికే మొహాలు తిప్పేసుకున్నారు. ధర్మం కోసం చెప్పిందా, కుళ్లు కొద్దీ చెప్పిందా అంటే తొందరపిల్లకే తెలీదు.

తండ్రి పొగడ్త వెనక్కి తీసుకోలేదు, మళ్లీ అననూ లేదు. "ముందు మాస్టారి కాళ్ల మీద పడు. తర్వాత బకెట్లో సున్నం కలుపు" అన్నాడు.

సున్నం కలిపేసరికి వదిన ఇంకో బ్రష్షుతో వచ్చి పక్కన నిలబడింది. "సగం నేను కొడతానే."

"అవతలికి పో వదినా. నాన్న మెచ్చుకున్నవి ఇవొక్కటే. ఇవి నావి, నేనే చెరుపుకుంటాను" అంది తొందరపిల్ల, ఏడుస్తూనే మొదటి అక్షరం మీద సున్నం కొడుతూ.