వరండాలో పన్నెండు టిక్కీలు

శనివారం సాయంత్రంలోపు చేయవలసిన పనులు: సామాను తీసుకెళ్ళడానికి ఆటో మాట్లాడటం. నా సర్టిఫికెట్లు స్నేహితురాలింట్లో దాచడం. ఫ్యాను విప్పించడం, అది మాదే. ఇవేవీ అమ్మకు తెలియనివ్వకపోవడం.

చివరిది ముందే చెడిపోయింది. మా ఇంటి ఓనరు సుబ్బరావమ్మ గారు గుసగుసలాడినా వీధి చివరి టీకొట్టుకు వినబడుతుంది.

"ఆదెమ్మా! రెండు నెలలు చూశా. ఆదివారం మీరు ప్రార్థనకెళ్ళొచ్చేసరికి తాళం మారుద్ది, అంతే!"

మా అమ్మ ఆదెమ్మ మిర్చి గోడౌనులో తొడిమలు తీస్తుంది. మే నెలలో గుంటూరు మిర్చి యార్డుకు సెలవులివ్వగానే గోడౌనులో పనీ ఆగింది. ఏప్రిల్ అద్దె నా బీఈడీ ఫీజుకు పోయింది. అంటే తప్పులో సగం నాది. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని కనుక, మొత్తం సరిచేయడం కూడా నా పనే అనుకున్నాను.

శుక్రవారం కోర్టు ఆవరణలో ఉచితంగా న్యాయ సలహా ఇచ్చే గదికి వెళ్ళాను. అక్కడ ఖాదర్‌బీ గారనే వలంటీరు ఉన్నారు. అంతా విని, నేను ఏడుపు మొదలుపెట్టేలోపే ఆవిడ ప్రశ్న మొదలుపెట్టారు.

"కోర్టు ఆర్డరేదీ?"

"లేదండీ. నోటితోనే చెప్పారు."

"మరి నోటిమాటకే ఆటో మాట్లాడావా, ఫెబా? అద్దె ఆలస్యమైతే ఆమె కేసు వేసుకోవచ్చు, నువ్వు జవాబు చెప్పుకోవచ్చు. కోర్టు చెప్పకుండా తాళం మార్చకూడదు. నీళ్ళు, కరెంటు ఆపకూడదు. అలాగని బాకీ ఎగ్గొట్టకు తల్లీ. ఏ తేదీకి ఎంతిస్తావో రాసివ్వు. ఇచ్చినప్పుడల్లా రసీదు అడుగు."

కోర్టు చెప్పకుండా తాళం మార్చకూడదు, కరెంటు ఆపకూడదన్న మాట సుబ్బరావమ్మ గారికి ఫోనులో చెప్పాను. కాగితం రాసుకుని ఇంటికొచ్చేసరికి మా వరండాలో పన్నెండు మిర్చి టిక్కీలు, నిండు గోతాలు, గుమ్మం దాకా పేర్చి ఉన్నాయి. యార్డు మూసి ఉండటంతో అమ్ముడుపోని సుబ్బరావమ్మ గారి సరుకు. ఘాటుకు నా కళ్ళవెంట నీళ్ళు కారాయి.

"తాళం వేశానా? కరెంటు తీశానా? నా వరండా, నా సరుకు!" అని సుబ్బరావమ్మ గారు గట్టిగా మూడుసార్లు తుమ్మారు.

ఆవిడ ఒక్క సంగతి మరిచిపోయారు. అమ్మ ముప్పై ఏళ్ళుగా ఈ ఘాటు మధ్యనే కూర్చుని క్యారేజీ విప్పుకుంటోంది. ఇప్పుడూ పీట తెచ్చుకుని, టిక్కీకి ఆనుకుని కూర్చుంది. కుట్టు సందులోంచి ఒక కాయ లాగి చెవి దగ్గర ఆడించింది. గింజలు చప్పుడు చేయలేదు.

"అమ్మగారూ, మొన్నటి గాలివానకు తడిసిందా?"

"పట్టా కప్పాంలే."

"పట్టా పైనుంది, నీళ్ళు కిందనుంచొచ్చినై. ఈ రెండు టిక్కీలు మెత్తబడ్డయ్యి. ఆరబోసి, తెల్లబడ్డ తాలుకాయ ఏరకపోతే అన్నిటికీ బూజంటుద్ది. యార్డు తెరిచినా ముట్టుకునేవాడుండడు."

సుబ్బరావమ్మ గారి గొంతు మొదటిసారి తగ్గింది. "నువ్వేరతావా? కూలి అద్దెలో కోసుకుంటాలే."

"కోయొద్దు. కూలి నా చేతిలో పెట్టండి. అద్దె మీ చేతిలో నేను పెడతా."

అప్పుడు నా కాగితం అందించాను.

"ఇదేందే, నాకు జాబు రాశావు?"

"ఏప్రిల్‌ది జూన్ పదికి, మే నెలది జూలై పదికి ఇస్తామండీ. ఒప్పుకుంటే ఇక్కడ సంతకం. మమ్మల్ని ఖాళీ చేయించాలంటే కోర్టుకెళ్ళాలండీ."

"కాయంతా తాలవుతుంటే కోర్టుకెళ్ళే తీరిక ఎవరికుందే? పెన్నియ్యి!"

ఆదివారం ప్రార్థన నుంచి వచ్చేసరికి పాత తాళమే ఉంది. డాబా మీద ఎర్రగా కాయలు ఎండుతున్నాయి. సాయంత్రం అమ్మ కూలి లెక్కపెట్టుకుని, అందులో కొంత అద్దె కింద వెంటనే తిరిగిచ్చింది. రసీదు నేను రాశాను. సుబ్బరావమ్మ గారు తుమ్ముతూనే సంతకం పెట్టారు.

అమ్మను మీరెలాగూ మర్చిపోరు. ఖాదర్‌బీ గారిని మర్చిపోతారేమోనని నా భయం. ఎవరైనా మీ గుమ్మంలో నిలబడి ఆదివారంలోపు పొమ్మంటే, సామాను సర్దేముందు ఆవిణ్ణీ, ఆవిడ అడిగిన మొదటి ప్రశ్ననూ ఒక్కసారి గుర్తు చేసుకోండి.