వెనక చెక్క ఒక్కటీ అయిపోతే

"అమ్మేద్దామన్నది మీరే కదండీ?"

"అన్నాను. ఇప్పుడు కాదన్నానా?"

"ఎప్పుడు అని అడుగుతున్నాను."

"వెనక చెక్క ఒక్కటీ అయిపోతే."

కాఫీల దగ్గర మొదలైన ఈ పడవ వాదన స్నానాలు దాటి భోజనాల బల్ల దగ్గరికి చేరింది. దారిలో మొగుడూ పెళ్లాల్లో ఎవరూ అలిసిపోలేదు.

ఆయన్ని ఇంట్లో అందరూ కెప్టెన్ అంటారు. ఆయన పడవ నీళ్ల మొహం చూసి ఎన్నేళ్లయిందో మాత్రం ఎవరూ చెప్పలేరు. ఇంటి వెనక షెడ్డు నిండా అదే. ఇంజన్ బిగించే వెనక చెక్క లోపల కుళ్లిపోయింది. పైన రంగు నిగనిగలాడుతుంటుంది, వేలితో తడితే డొల్లగా మోగుతుంది. "చెక్క బాగుచేసి పెట్టండి, ఆ రోజే పట్టుకుపోతా" అని చేపల దుకాణం అతను ఎప్పుడో మాటిచ్చాడు. పడవ కదిలితే షెడ్డు ఆమెది అని కెప్టెన్ కూడా మాటిచ్చాడు.

ఆమె బట్టలు కుడుతుంది. కుట్టు మిషన్ పడకగదిలో, కిటికీకీ మంచానికీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. కొలతలకు వచ్చినవాళ్లు మంచం మీద కూర్చుంటారు. మధ్యాహ్నం కునుక్కి చోటు లేదని కెప్టెన్ గొణుగుతాడు. వెనక చెక్క పని మాత్రం ఎండాకాలం ఎపాక్సీ జిగురు తొందరగా గట్టిపడుతుందని ఆగింది, చలికాలం అసలు గట్టిపడదని ఆగింది, వానాకాలం తేమ అని ఆగింది. అంతకు మించి కాలాలు లేకపోవడం ఆయన అదృష్టం.

"అయితే నేనే చేస్తాను" అందామె.

"ఇది గౌను కాదు."

"చెయ్యనీరా" అంది అత్తగారు. "కుళ్లినదాన్ని అది కొత్తగా చెడగొట్టేదేముంది?"

మర్నాడే పని మొదలైంది. లోపలి పొర కోసి తీస్తే, కుళ్లిన చెక్క తడిసిన రంపపు పొట్టులా చేతికొచ్చింది. తవ్వి, గీకి, ఆరబెట్టారు. ఎపాక్సీ కలపడం మాత్రం తన పని అని కెప్టెన్ పట్టుబట్టాడు. మాటిమాటికీ కలిపే బాధ ఎందుకని, రెజినూ, దాన్ని గట్టిపరిచే హార్డెనరూ మొత్తం ఒకే లోతు గిన్నెలో పోసి, వంటింటి గరిటెతో తిప్పుతూ రసాయనశాస్త్రం వివరించాడు. వివరణ సగంలో ఉండగా గిన్నె చేతులు కాలేంత వేడెక్కింది. పొగ లేచింది. కాసేపటికి గరిటె ఎవరూ పట్టుకోకుండానే నిటారుగా నిలబడింది.

"నా గిన్నె!" అంది అత్తగారు.

"నాన్నా, పడవకి లంగరు దొరికింది" అంది కూతురు, కాలేజీ సంచీ భుజానికి తగిలించుకుంటూ.

కెప్టెన్ ఆ డబ్బాలు తయారుచేసినవాళ్లని తిట్టి పడుకోవడానికి వెళ్లాడు.

కొత్త డబ్బాలు తెప్పించాక ఆమె కొంచెం కొంచెంగా, వెడల్పాటి పళ్లెంలో కలిపింది. అట్టముక్క మీద పడవ వెనక భాగం ఆకారం గీసుకుని, దాని ప్రకారం ప్లైవుడ్ కోయించి, పొరలు అంటించి, కదలకుండా బిగించింది. చిక్కంతా చెక్క మీద పరిచే ఫైబర్‌గ్లాస్ గుడ్డతో వచ్చింది. నిద్ర లేచి వచ్చిన కెప్టెన్ దాన్ని మూలలోకి నొక్కితే అది పైకి లేచింది. మళ్లీ నొక్కితే ఇంకో వైపు లేచింది.

"దీనికి బుద్ధి లేదు" అన్నాడాయన.

"చంక దగ్గర గుడ్డ ఇలాగే మొండికేస్తుంది. జరగండి."

ఆమె గుడ్డని ఐమూలగా కత్తిరించి, వంపు దగ్గర చిన్న చిన్న గాట్లు పెట్టి పరిచింది. అది చెప్పిన మాట విన్నట్టు పడుకుంది. కుంచెతో రెజిన్ రాస్తుంటే తెల్లటి గుడ్డ అద్దంలా మారి, కింద చెక్క గీతలు కనిపించాయి. తెల్లగా మిగిలిన చోటల్లా గాలి చిక్కుకున్నట్టే. అలాంటి ప్రతి మచ్చనీ ఆమె రోలరుతో బయటికి నెట్టేసింది. గట్టిపడ్డాక గరుకు కాగితంతో రుద్దింది. చేతులు మోచేతుల దాకా దురద. అత్తగారు నూనె రాస్తూ, "ఇంత కష్టం ఎందుకమ్మాయ్?" అంది.

"షెడ్డు కోసం అత్తయ్యా."

రంగు ఆరాక కెప్టెన్ ఇంజన్ బిగించి, దాని మీద బరువంతా వేసి ఊగాడు. చెక్క ఇంత కూడా కదల్లేదు. ఆమె టేపు తెచ్చి షెడ్డు గోడ కొలుచుకుంది. కిటికీ పక్కన మిషన్, ఈ మూల అద్దం, ఆ మూల తెర.

సాయంత్రం చేపల దుకాణం అతను వచ్చి, చెక్క మీద తట్టి చూసి, "భలే కుదిరిందండీ, బండి తెస్తా" అన్నాడు.

"ఇది అమ్మే పడవ కాదు" అన్నాడు కెప్టెన్.

"మొన్నటిదాకా..."

"మొన్నటిది కుళ్లిన పడవ. దీన్ని బుద్ధున్నవాడెవడైనా అమ్ముకుంటాడా?"

అతను ఆమె వైపు జాలిగా చూసి వెళ్లిపోయాడు. ఆమె నోరు తెరిచేలోగా అత్తగారు, "నిజమే, కోడలి చేతిపని పరాయివాళ్లకి ఎలా ఇస్తాం?" అంది. కూతురు అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసింది. అందరూ ఆమెని ఎంతలా పొగిడారంటే, కోప్పడ్డానికి సందు దొరకలేదు. కాస్త వంకరగా చేసి ఉంటే షెడ్డు దక్కేదేమో.

"మరి షెడ్డు?" అనడిగింది చివరికి.

"ఎక్కడికి పోతుంది? కొన్నాళ్లు ఓపిక పట్టు."

భోజనాల దగ్గర ఆమె అందరికీ వడ్డించి, తనూ కూర్చుని, ఉప్పు అడిగినంత మామూలుగా చెప్పింది.

"పడవ ఉన్నచోటే ఉంటుంది. రేపు పొద్దున నా మిషన్ హాల్లోకి వస్తుంది. టీవీ షెడ్డులోకి పోతుంది. పడవలో కూర్చుని చూసుకోవచ్చు."



"మరి సోఫా?" అంది కూతురు.

"కొలతలకి వచ్చేవాళ్లకి కావాలి" అని, ఆమె మంచినీళ్ల జగ్గు అత్తగారి వైపు జరిపింది.