అడ్డం నిలబడే మనిషి

బండి సూటిగా మీదికి వస్తున్నా అతను కదలలేదు. కదలకుండా నిలబడడమే అతని ఉద్యోగం.

మోకాలెత్తు ఇనప బండి అది. డ్రైవరు లేడు, పట్టాలు లేవు. పెద్ద ఫ్యాక్టరీల్లో ఒక యంత్రం దగ్గర్నించి ఇంకో యంత్రం దగ్గరికి సరుకు మోసుకుపోతుంది. ఎటు పోవాలో కంప్యూటరు చెబుతుంది. ఎదురుగా మనిషి ఉంటే ఆగమని మాత్రం దాని కన్నే చెప్పాలి. బండి ముక్కు మీద నల్లగాజు వెనక ఉంటుంది ఆ కన్ను. అది చూస్తోందో లేదో తేలాలంటే నిజమైన మనిషి ఒకడు అడ్డం నిలబడాలి.

మూరెడు దూరంలో బండి ఆగింది. అతను పక్కకి తప్పుకున్నాడు. బండి వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగి మళ్ళీ వచ్చింది. అతను మళ్ళీ నిలబడ్డాడు.

పొడుగాటి మనిషి. మెడ ముందుకి వంగి ఉంటుంది, ఎప్పుడూ ఏదో గుమ్మం కింద నుంచి దూరుతున్నట్టు. లోపలికి పోయిన బుగ్గలు, పుల్లల్లాంటి కాళ్ళు. పొద్దున నల్లచొక్కా, నల్లప్యాంటు వేసుకుంటాడు. నలుపు వెలుగుని మింగేస్తుంది, బండి కన్ను అక్కడే మోసపోయేది. తరవాత తళతళలాడే వానకోటు తొడుక్కుంటాడు. ఆ తరవాత మొహం కనిపించకుండా పెద్ద అట్టపెట్టె పట్టుకుని నడుస్తాడు. బట్టలు మార్చుకున్నప్పుడల్లా గోడ మీది తెరలో అదే ఎర్రచుక్క, చుక్క పక్కన అదే మాట: అడ్డంకి. షెడ్డులో అతనికి ఆ పేరే స్థిరపడింది. మొదట్లో చాటుగా అనేవాళ్ళు, ఇప్పుడు మొహానే పిలుస్తారు. అతనేమీ అనుకోడు. ఇంటి దగ్గర ఆ పిలుపైనా లేదు. వీధిలో నడిస్తే స్కూటర్లు చొక్కా రాసుకుంటూ పోతాయి. అతన్ని చూసి ఆగేవి లోకంలో ఈ బండ్లే.

కన్ను అమర్చేవాడు అతని బావమరిది. చనిపోయిన భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు. పొట్టిగా, గట్టిగా ఉంటాడు. ముక్కు మాత్రం అచ్చం అక్కదే, కొస కొంచెం ఎడమకి వంగి. అందుకే అడ్డంకి వాడి మొహం వైపు చూడడు. చేతుల వైపు చూస్తాడు.

ఇవాళ వాడికి ఈ షెడ్డులో ఆఖరి రోజు. బండ్లు కొన్న కంపెనీ వాడిని తన ఫ్యాక్టరీకే తీసుకుపోతోంది. సాయంత్రం బస్సుకి వెళ్ళిపోతాడు. పెళ్ళాం పిల్లలు ముందే వెళ్ళారు. వాడి బదులు ఎవరూ రారు. ఇకమీదట కన్ను మేడ మీది డిజైన్ గదిలోంచే కంప్యూటర్లో అమరుస్తారట.

ఇద్దరికీ మాటలు లేవు, ఏళ్ళ నుంచీ. పనికి మాట కావాలి కాబట్టి మధ్యలో డిజైన్ మేడం ఉంటుంది. ఆయన్ని ఒకడుగు వెనక్కి నిలబడమనండి మేడం, అంటాడు వాడు. కన్ను పెట్టినవాడు నిద్రలో పెట్టాడేమో అడగండి మేడం, అంటాడితను. మేడం లేని పూట బండితో చెబుతారు. నీకు ఎడమచూపు మందగించిందే, నిన్ను చూసుకునేవాడికి ఇంకేం రాచకార్యాలున్నాయో, అని ఇతను బండి వీపు మీద చరుస్తాడు. కొంతమందిని చూస్తే కళ్ళున్నా చూడబుద్ధి కాదులే, అని వాడు నట్టు బిగిస్తాడు.

భార్య పోయిన రోజు కూడా ఇలాంటి రోజే. రాత్రంతా కడుపులో నొప్పి అంది. పొద్దున తగ్గిందంది, నిలబడి సద్ది కట్టింది, వెళ్ళమంది. అతను వెళ్ళాడు. మధ్యాహ్నం కబురొచ్చేసరికి అతను ఈ నేల మీద పడుకుని ఉన్నాడు. పడిపోయిన మనిషిని బండి గుర్తుపడుతుందా లేదా చూస్తున్నారు. శవం దగ్గర నలుగురిలో బావమరిది ఒక్కటే మాటన్నాడు: "మా అక్కని చంపింది ఈయనే."

ఆ రోజు నుంచే ఇద్దరికీ మాటలు లేవు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. అతనికి మాత్రం ఆ మాట వెనక్కి కావాలి. కాళ్ళ మీద పడక్కర్లేదు. అనకుండా ఉండాల్సింది అంటే చాలు. ఇన్నాళ్ళూ రేపంటాడేమో అనుకున్నాడు. ఇక రేపు లేదు. పొద్దున షెడ్డు తలుపు తోసినప్పుడు అతని మనసులో ఉన్నది ఇదొక్కటే.

చచ్చినవాళ్ళ కళ్ళు చారెడు. అతను ఆ అబద్ధాలాడడు. ఆమె సణుగుడు మనిషి. గడప మధ్యలోనే చెప్పులు విడిచేది. నిద్రలో పళ్ళు కొరికేది. ఆమె పోయాక అతను మంచాన్ని గోడ వారకి జరిపాడు. ఆ గోడ అవతల ఎవరిదో వంటిల్లు. పొద్దున్నే గిన్నెల చప్పుడవుతుంది. అది వింటూ లేస్తాడు.

మధ్యాహ్నం భోజనాల వేళ పొడుగుబల్ల ఆ చివర వాడు, ఈ చివర ఇతను. మేడం మధ్యలో కూర్చుని డబ్బా మూత తీసింది. వాడు చేతులు కడుక్కోడానికి లేచినప్పుడు గొంతు తగ్గించి అంది.

"ఈ ఒక్కరోజన్నా మాట్లాడండి. సాయంత్రం వెళ్ళిపోతున్నారు."

"మాట్లాడ్డానికేముంది మేడం. పని సంగతులు మీరే చెబుతున్నారుగా."

"మా అత్తగారూ మా ఆయనా ఇంతే. మధ్యలో నేను. ఇంటా బయటా నాకిదే ఉద్యోగమైపోయింది."

అతను నవ్వాడు. నవ్వితే బుగ్గలు ఇంకా లోపలికి పోయాయి. వాడు తిరిగొచ్చేసరికి ఆ నవ్వు లేదు.

ఆ షెడ్డులో ఒక పద్ధతుంది. ఎక్కడా రాసిలేదు, మేడ మీదివాళ్ళకి తెలీదు. కన్ను అమర్చినవాడు ముందు తానే బండికి ఎదురు నడవాలి. తాను బతికితే తరవాత ఇంకొకణ్ణి నిలబెట్టాలి. ఒక్కసారి నడిస్తే చాలు. బావమరిది మాత్రం మళ్ళీ మళ్ళీ నడుస్తాడు. పక్కల నుంచి వస్తాడు, పరిగెత్తుతూ వస్తాడు, చొక్కా మార్చుకుని వస్తాడు. ఇదేం పిరికితనంరా అని మిగతావాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. అడ్డంకి దానికి వేరే అర్థం చెప్పుకున్నాడు. తను చస్తే నింద వాడి మీదికొస్తుందని భయం. నింద వెయ్యడం తెలిసినవాడికే దాని బరువు తెలుస్తుంది.

భోజనాలయ్యాక 'పడిపోయిన మనిషి' పరీక్ష. ముందు వాడు పడుకున్నాడు. బండి వచ్చి ఆగింది. వాడు లేచి ఇటు తిరిగి పడుకున్నాడు, మళ్ళీ బోర్లా. చాలాసేపు పట్టింది. ఆఖరికి లేచి, వీపు దులుపుకోకుండానే పక్కకి పోయాడు. అడ్డంకి అదే చోట పడుకున్నాడు. ఎప్పుడూ చల్లగా తగిలే సిమెంటు నేల ఇవాళ వెచ్చగా ఉంది. ఒక్క క్షణం అర్థం కాలేదు. తరవాత అర్థమైంది. మనిషి ఒంటి వేడి తగిలి ఎన్నాళ్ళయిందో. రబ్బరు చక్రాల గరగర నేలలోంచి పుర్రెలోకి ఎక్కుతూ దగ్గరికి వచ్చింది. ఆగింది. అతను వెంటనే లేవలేదు. నేల మామూలుగా చల్లబడేదాకా ఉండి లేచాడు.

సాయంత్రం బావమరిది అందరికీ టీ పోయించాడు. అందరూ తాగి, వాడితో చెయ్యి కలిపి, బట్టలు మార్చుకోడానికి పోయారు. మేడం మేడ మీదికెళ్ళింది. ఇంకా చూడాల్సిన బండి ఒకటి మిగిలింది. వాడు తన గ్లాసు ఆ బండి మీద పెట్టాడు. అంచు దాకా ఉంది.

"తొణక్కుండా ఆగాలి," అన్నాడు బండితో.

వాడు ముందు నడిచాడు. బండి వచ్చింది, వేగం తగ్గించుకుంది, ఆగింది. టీ అంచు దగ్గర కొంచెం వణికి ఊరుకుంది. వాడు పక్కకి తప్పుకోలేదు. బండికి వీపు పెట్టి ఇటు తిరిగాడు. ఆ వంకరముక్కు, తప్పించుకోడానికి లేనంత దగ్గరగా.

"బావా," అన్నాడు. "ఆ రోజు అక్క దగ్గర నేనన్న మాట..."

ఇన్నేళ్ళు ఎదురుచూసిన మాట మూరెడు దూరంలోకి వచ్చింది. ఊఁ అంటే చాలు. అసలేమీ అనకపోయినా చాలు.

"జరుగు," అన్నాడు. "నా వంతు."

వాడు జరిగాడు.

ఆమె పేరు చెప్పి తనని తిట్టేవాడు లోకంలో ఒక్కడే ఉన్నాడు. ఆ తిట్టు కూడా తీసుకుని పోతే, ఇక ఆమె ఉందని చెప్పడానికి ఎవరున్నారు? అతను ఇంత ఆలోచించి అనలేదు. నోట్లోంచి వచ్చింది. వచ్చాక తీసుకోవాలని కూడా అనిపించలేదు.

బండి వెనక్కి వెళ్ళి తిరిగొచ్చింది. అతను నిలబడ్డాడు. ఆగింది. చుక్క కూడా తొణకలేదు. మంచి పనివాడు, అనుకున్నాడు. ఆ మాటా చెప్పలేదు.

వాడు చేతులు కడుక్కున్నాడు. పనికోటు విప్పి మేకుకి తగిలించాడు. సంచీ భుజాన వేసుకుని తలుపు దాకా వెళ్ళి, తలుపు మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు.

"వస్తాను," అన్నాడు. బండితో అన్నాడో ఎవరితో అన్నాడో.

మధ్యలో చెప్పేవాళ్ళెవరూ లేరు. తలుపు మూసుకుంది. బయట గేటు చప్పుడైంది, ఆ తరవాత అదీ లేదు.

అతను బండి ముందు నించి పక్కకి రాలేదు. అతను ఉన్నంతసేపూ అది కదలదు. దాని వీపు మీద గాజుగ్లాసులో టీ, ఒక్క గుక్కయినా తగ్గకుండా, మెల్లగా మీగడ కడుతోంది.