గంట నడక గీత

...పద్నాలుగు నిమిషాలే కదా, వాన పడ్డ రోజు పదిహేను, ఇరవై ఆరు రోజుల్లో ఒక్కసారి కూడా అంతకు మించి పట్టలేదు, కాబట్టి ఆ అంకె మీద అనుమానం పెట్టుకోవడానికి ఏమీ లేదని దేవప్రసాద్ తనకు తానే మళ్ళీ చెప్పుకున్నాడు. చెప్పుకున్నాక కూడా మానిటర్ మీంచి చూపు తిప్పుకోలేకపోయాడు. తెర నిండా పచ్చరంగు. జిల్లా మొత్తం పచ్చగా ఉంది. అక్కడక్కడా తొమ్మిది ఎర్ర చుక్కలు.

పచ్చ అంటే ఆ ఊరి మనిషి గంటలోపు నడిచి దగ్గర్లోని ఆసుపత్రికి చేరగలడు. ఎరుపు అంటే చేరలేడు. ఎర్రగా ఉన్న ఊళ్ళకు కొత్తగా ఒక ఆరోగ్య ఉపకేంద్రం, ఒక నర్సమ్మ వస్తారు. పచ్చగా ఉన్నవాటికి ఏమీ రాదు. రేపు పదకొండు గంటలకు ఈ మ్యాపు జిల్లా అధికారుల ముందు బల్ల మీద పరుస్తారు. ఆ తర్వాత పచ్చ పచ్చే, ఎరుపు ఎరుపే.

మ్యాపు సాఫ్ట్‌వేర్ జిల్లాను చిన్న చిన్న చదరాలుగా కోస్తుంది. ఒక్కో చదరం దాటడానికి మనిషికి ఎంతసేపు పడుతుందో లెక్క కడుతుంది. వాగు ఎక్కడుందో, గుట్ట ఎక్కడుందో, బండ్లబాట ఎటు పోతుందో దానికి తెలుసు, ఎందుకంటే ఎనిమిది నెలలు కూర్చుని అవన్నీ దేవప్రసాదే ఎక్కించాడు. దానికి తెలియనిదల్లా మనిషి గంటకు ఎంత దూరం నడుస్తాడన్నది. అది మనమే చెప్పాలి. తెర మీద ఒక చిన్న గడి అడుగుతుంది. ఆ గడిలో అతను నాలుగు పాయింట్ తొమ్మిది అని రాశాడు.

పుస్తకాల్లో ఐదని ఉంది. ఆఫీసు పెద్ద బుచ్చిబాబు ఒప్పుకోలేదు. "ఆ పుస్తకం రాసినాయన మన ఎండలో నడిచాడేంటండీ ప్రసాదు గారూ? ఇక్కడి మనుషుల లెక్క పట్రండి," అన్నాడు. ఊళ్ళకు వెళ్ళి కొలిచే వ్యవధి లేదు. అందుకని దేవప్రసాద్ తనకు అందుబాటులో ఉన్న ఒకే ఒక్క మనిషిని కొలిచాడు. నాంపల్లి స్టేషన్ వెనక తన అద్దె గది గుమ్మం నుంచి ఆబిడ్స్‌లో ఆఫీసు మెట్ల దాకా పదకొండు వందల యాభై మీటర్లు. రోజూ చేతి గడియారం చూసుకుంటూ నడిచాడు. నివేదికలో 'స్థానిక పరిశీలన, ఇరవై ఆరు రోజులు' అని రాశాడు. ఎవరు నడిచారని బుచ్చిబాబు అడిగినప్పుడు, "మనవాళ్ళే సార్," అన్నాడు.

ఆ బహువచనం నోట్లోంచి ఎలా వచ్చిందో అతనికి ఇప్పటికీ అంతుపట్టదు. అబద్ధం చెప్పాలన్న ఉద్దేశం లేదు. 'నేనొక్కణ్ణే' అని ఆ క్షణాన అనలేకపోయాడు. నలభై నాలుగేళ్ళ మనిషి, మెదక్‌లో అమ్మ పోయాక ఈ నగరంలో పదకొండేళ్ళుగా ఒంటరిగా ఉంటున్న మనిషి, ఆ మాట రోజుకు ఎన్నిసార్లని అంటాడు? హోటల్లో అడుగుతారు, ఎంతమంది అని. బర్త్ రిజర్వేషన్ దగ్గర అడుగుతారు. క్రిస్మస్‌కు సికింద్రాబాద్ నుంచి చెల్లెలు డోరా ఫోన్ చేసి అడుగుతుంది, ఎవరైనా వచ్చారా అన్నయ్యా అని. అయితే ఆ అంకె అంటే అతనికి లోలోపల ఒక గర్వం ఉండేది. తన పాదాలు నాలుగు లక్షల మంది పాదాలయ్యాయి. జిల్లా అంతా తనలాగే నడుస్తోంది.

"సారూ."

తలుపు దగ్గర కొండమ్మ నిలబడి ఉంది. ఆఫీసు ఊడ్చి, చాయ్ పెట్టే మనిషి. చేతిలో చీపురు లేదు. మూడేళ్ళలో చీపురు లేకుండా ఆమెను చూసిన గుర్తు అతనికి లేదు.

"జర వస్తరా సారూ? నా కోడలికి నొప్పులు లేసినయ్. ఇంట్ల ఒక్కతే ఎందుకని ఎంబడి తెచ్చుకున్న. మెట్ల మీద కూసున్నది. గాడ దవాఖానల చిట్టీ రాపిచ్చుడు నాకు తెల్వది."

"ఆటో పిలవకపోయావా?"

"ఏ ఆటో సారూ! అసెంబ్లీ నడుస్తున్నదని రోడ్లన్నీ బంద్ వెట్టిన్రు. నాంపల్లి అంటే ఒక్కడు వస్తలేడు. నా కొడుకు రాజమల్లు డ్యూటీల ఉన్నడు."

అతను అలవాటుగా గడియారం చూసుకున్నాడు. పదకొండు ఇరవై. ఆసుపత్రి తన గదికి కాస్త ఇవతలే. పదకొండు వందల మీటర్లు. పదమూడు నిమిషాలు. మధ్యాహ్నం భోజనం వేళకు తిరిగి రావచ్చు.

కోడలి పేరు బాలమణి. పంతొమ్మిదో ఇరవయ్యో ఉంటాయి. ఒక చెయ్యి నడుం మీద, ఒక చెయ్యి అత్త భుజం మీద. ముగ్గురూ రోడ్డు మీదికి వచ్చారు. రాత్రి కురిసిన వాన గుంటల్లో నిలిచి ఉంది. దేవప్రసాద్ ఎప్పటిలాగే ఫుట్‌పాత్ అంచున నడక అందుకున్నాడు. కొంత దూరం పోయాక వెనక ఎవరూ లేరనిపించి తిరిగి చూశాడు. వాళ్ళు ఇంకా మొదటి లాడ్జి బోర్డు దాటలేదు. అతను నిలబడ్డాడు. వాళ్ళు వచ్చారు. మళ్ళీ నడిచాడు. మళ్ళీ వెనకబడ్డారు.

మూడోసారి కొండమ్మ గొంతు ఖంగున వినిపించింది. "గట్ల ఉరుకుతరేంది సారూ? దవాఖానకు పోతున్నమా, రైలు వట్టుకుంటున్నమా?"

బాలమణి అంత నొప్పిలోనూ ఫక్కున నవ్వింది. నవ్వితే నొప్పి ఎక్కువై ఒక చెప్పుల దుకాణం మెట్టు మీద కూలబడింది.

"ఔ బిడ్డా, జర కూసో. ఫికర్ లేదు," అని కొండమ్మ కొంగుతో ఆమె మొహం తుడిచింది. తర్వాత అతని వైపు తిరిగింది. "ఎన్నడన్న ఎవ్వర్నన్న ఎంబడి తోల్కపోయిన్రా సారూ మీరు?"

ఎగతాళికే అంది. జవాబు కోసం ఆగలేదు కూడా. అతను మాత్రం నిజంగానే వెతికాడు. అమ్మ చివరి రోజుల్లో పక్కన డోరా ఉంది, అతను దూరం నుంచి డబ్బు పంపాడు. స్నేహితులతో నడిచిన రోజులు కాలేజీలో ఆగిపోయాయి. పెళ్ళి మాట రెండుసార్లు వచ్చి పోయింది. ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేసేటప్పుడు అవతల నిలబడిన వాళ్ళ మోచేతులు తగులుతాయి, అంతే. ఒకరి అడుగు చూసుకుని తన అడుగు తగ్గించుకోవాల్సిన అవసరం ఎన్నడూ రాలేదు. ఆ విద్య తనకు రాదు.

వాళ్ళు పద్నాలుగు సార్లు ఆగారు. అతను లెక్కపెట్టాడు, లెక్కపెట్టడం తప్ప ఏం చెయ్యాలో తోచక. నీళ్ళ కోసం ఒకసారి. నొప్పి వచ్చిన ప్రతిసారీ. రోడ్డు దాటడానికి పోలీసు తాడు దగ్గర ఒకసారి, అక్కడ కానిస్టేబుల్ వద్దన్నాడు, కొండమ్మ "నువ్వు కంటవా మరి?" అని అడిగేసరికి తాడు ఎత్తాడు. ఎదురొచ్చిన బంధువుతో ఒకసారి, ఆ నొప్పుల్లోనే, కుశలాలన్నీ అయ్యాయి. ఒక చోట గోడ పక్కకు పోవాల్సి వచ్చి కొండమ్మ చీర అడ్డం పట్టింది, దేవప్రసాద్ అటు తిరిగి నిలబడ్డాడు. చివరి రెండు వందల మీటర్లు బాలమణి రెండో చెయ్యి అతని భుజం మీదికి వచ్చింది. అంత బరువు ఉంటుందని అతను అనుకోలేదు. ఆమె ఊపిరి బిగబట్టినప్పుడల్లా అతని ఊపిరీ ఆగింది.

కౌంటర్ దగ్గర చిట్టీ రాసే మనిషి తల ఎత్తకుండానే, "మీరేమైతరు?" అని అడిగాడు.

దేవప్రసాద్ కొండమ్మ వైపు చూశాడు.

"మా ఆఫీసు సారు," అంది కొండమ్మ. "మా ఎంబడి వచ్చిండు."

బాలమణిని లోపలికి తీసుకెళ్ళారు. అప్పుడు అతను గడియారం చూసుకున్నాడు. పన్నెండు దాటి రెండు నిమిషాలు. నలభై రెండు నిమిషాలు. పదకొండు వందల మీటర్లు.

తిరిగి వెళ్ళేటప్పుడు అతనికి ఏమీ తినాలనిపించలేదు. కాళ్ళు వాటంతట అవే పాత వేగం అందుకున్నాయి, ఖాళీగా, సులువుగా. అది గమనించి మొదటిసారి సిగ్గుపడ్డాడు. ఆసుపత్రికి వెళ్ళే మనిషి ఇలా వెళ్ళడు. ఇలా వెళ్ళగలిగితే వెళ్ళే పనే ఉండదు. పైగా ఒక్కడే వెళ్ళడు. వాళ్ళు కలిసి వెళ్తారు, అందరిలోకీ బలహీనమైన మనిషి అడుగే అందరి అడుగు అవుతుంది. పదిమందిలో పెరిగిన వాడెవడైనా ఆ గడిలో ఏం రాయాలో ముందే కనిపెట్టేవాడు. ఇంట్లో ఒక ముసలమ్మ ఉన్నవాడు, ఒక పసిపిల్ల ఉన్నవాడు ఎవడైనా. తను రాసింది ఒంటరివాడి లెక్క. తన ఖాళీ భుజాలను జిల్లా మొత్తానికి తగిలించాడు.

సీట్లో కూర్చుని గడిలో అంకె మార్చాడు. ఈ రోజు చూసినది నొప్పుల మీదున్న మనిషి నడక, అందరికీ అదే పెట్టడం కూడా తప్పే. ఆలోచించి రెండున్నర పెట్టాడు. నలభై నిమిషాలు యంత్రం గుర్రుమంది. జవాబు వచ్చేసరికి పచ్చరంగు ఆసుపత్రుల చుట్టూ ముడుచుకుపోయి ఉంది. తొమ్మిది ఊళ్ళు కాదు, నలభై ఒకటి. ముప్పై రెండు ఊళ్ళకు రావాల్సిన నర్సమ్మ అతని కాళ్ళ దగ్గర ఆగిపోయింది.

బుచ్చిబాబు గదిలో ఫ్యాన్ కింద జంతికలు తింటున్నాడు. "రండి రండి. ఏవిటలా ఉన్నారు? కొండమ్మ కోడలికి బానే ఉందిటా?"

"లోపలికి తీసుకెళ్ళారు సార్." బల్ల దగ్గరికి వచ్చాడు. "ఆ నడక వేగం... కొంచెం ఎక్కువ పెట్టామేమోనని."

"తగ్గించడానికి మనవేవన్నా ఎద్దుబళ్ళు తోలుతున్నామా!" అని నవ్వి, చెయ్యి తుడుచుకున్నాడు. నవ్వు తగ్గాక మామూలు గొంతుతో అన్నాడు: "చూడండి ప్రసాదు గారూ. తప్పుందంటే చెప్పండి, ఇప్పుడే ఫోన్ చేసి రేపటి మీటింగు నాలుగు రోజులు వెనక్కి జరుపుతాను. చివాట్లు నేను తింటాను, నాకు అలవాటే. ఉత్త అనుమానవైతే వదిలెయ్యండి. ఇరవై ఆరు రోజులు అంతమంది నడిచి తెచ్చిన లెక్క కదా అది?"

అంతమంది. దేవప్రసాద్ బల్ల అంచు పట్టుకున్నాడు. ఇప్పుడు చెప్పవలసింది ఒక్క వాక్యం. ఆ వాక్యం చెబితే, ఈయన నవ్వుతాడేమో అన్నది భయం కాదు. నవ్వడు. జాలిగా చూస్తాడు. రేపటి నుంచి మధ్యాహ్నం భోజనానికి పిలుస్తాడు. తను ఎలా బతుకుతున్నాడో ఇన్నేళ్ళూ ఎవరికీ కనపడకుండా కప్పుకున్నదంతా ఒక అంకె రూపంలో ఆయన బల్ల మీద పడి ఉంటుంది.

"అనుమానమే సార్," అన్నాడు.

"మరింకేం. ప్రింటు కొట్టించెయ్యండి. ఉన్న ఫైలే."

వెనక్కి వచ్చి పాత మ్యాపు అచ్చుకు ఆదేశం ఇచ్చాడు. మూల గదిలో పెద్ద మ్యాపులు అచ్చువేసే ప్లాటర్ కదిలింది. బారెడు వెడల్పు కాగితం మీద దాని తల అటూ ఇటూ పరుగెత్తుతోంది, వెళ్ళిన ప్రతిసారీ వేలెడు పచ్చరంగు దించుతోంది. అతను పక్కనే నిలబడి చూశాడు. ఉత్తరం వైపు ఊళ్ళు ముందు వచ్చాయి. ప్రతి ఊరి పేరూ అతను స్వయంగా టైపు చేసినదే. ఒక ఊరు పచ్చగా వచ్చింది, దాని కింద ఇంకొకటి పచ్చగా. ఆ ఊళ్ళోనూ ఎవరో ఒక మెట్టు మీద కూర్చుని ఉంటారు. పక్కన ఒకరు కొంగుతో మొహం తుడుస్తూ ఉంటారు. వాళ్ళకు ఇంకా ఎంతో దూరం ఉంటుంది. ఈ కాగితం వాళ్ళను ఎప్పుడో చేర్చేసింది.

సగం జిల్లా అయింది. ఇంకో పది నిమిషాలు ఊరికే నిలబడితే చాలు, మిగతాది దానంతట అదే అయిపోతుంది. ఊరికే నిలబడటం అతనికి బాగా వచ్చు. భుజం మీద, చెయ్యి ఆనిన చోట, చొక్కా ఇంకా నలిగి ఉంది. అతను దాన్ని సవరించలేదు.

ప్లాటర్ పక్కన ఉన్న మీట మీద వేలు పెట్టి నొక్కాడు.

దాని తల కాగితం మధ్యలో ఆగిపోయింది. ఆఫీసంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. లోపల కుర్చీ కిర్రుమంది.

"ఏవండోయ్, కరెంటు పోయిందా?" బుచ్చిబాబు గొంతు.

"లేదు సార్," అన్నాడు దేవప్రసాద్. "నేనే ఆపాను."