గోడవతల సీమోను

1978లో హైదరాబాదు ఉప్పుగూడ ఫుట్‌బాల్ జట్టు విశాఖపట్నం వెళ్లినప్పుడు వెంట బయల్దేరిన అభిమాని సీమోను ఒక్కడే. అతనికి పెట్టిన షరతు కూడా ఒక్కటే: ఆట చూడకూడదు.

సీమోను తమ్ముడు ప్రకాశం ఆ జట్టు గోల్‌కీపరు. ఎప్పుడో సీమోను గ్రౌండులో కూర్చున్న రెండు మ్యాచులూ వరసగా ఓడిపోయారు. అంతే, అతని చూపు తగిలితే గోలు పడుతుందని బస్తీ మొత్తం తేల్చేసింది. అప్పట్నుంచీ మ్యాచి ఉందంటే చాలు, పాపం ఆ పెద్దమనిషిని గోడవతల కూర్చోబెట్టేవారు. అరుపులు విని ఆట తెలుసుకోవడం అతనికి అలవాటైపోయింది. కేకలు లేస్తే మనవాళ్లు కొట్టినట్టు, చప్పుడు లేకపోతే మనకు పడినట్టు.

ప్రకాశానికి మోకాలు పాడైంది. విశాఖ మ్యాచే ఆఖరుది.

"ఈసారన్న లోపటికి రానియ్యి రా. నువ్వు ఆడుతుంటే కండ్లార చూస్త," అని రైల్లో బతిమాలాడు సీమోను.

"ఆఖరు ఆట, గెల్వాలె అన్నా. జెర బయటనే ఉండు," అన్నాడు తమ్ముడు.

గ్రౌండు గోడ దగ్గర కూర్చుంటే రేవు కనిపిస్తోంది. హుసేన్‌సాగర్‌ను మించిన నీళ్లు సీమోను ఏనాడూ చూసి ఎరగడు. ఓడలు కదులుతున్నాయో, తానే కదులుతున్నాడో అర్థం కాలేదు. ఉప్పుగాలికి కళ్లు మూతలు పడ్డాయి. ఆ మగతలో నీళ్ల మీదే మైదానం పరుచుకుంది. రెండు ఓడల మధ్య ప్రకాశం చేపలా ఎగిరి బంతి పడుతున్నాడు. మోకాలికి ఏ నొప్పీ లేదు.

గోడవతల ఒక్కసారిగా కేకలు లేచాయి.

"మనోళ్లే!" సీమోను లేచి గంతులేశాడు. మళ్లీ కేకలు, మళ్లీ గంతులు. మూడోసారికి పక్కనున్న పల్లీలామె దగ్గర పొట్లాలు కొని రేవు కూలీలకు పంచిపెట్టాడు.

"మావోళ్లు గోలు కొడతంటే నువ్వు గెంతుతావేటి బాబూ?" అంది ఆమె.

ఎవరి ఊళ్లో ఎవరి కోసం అరుస్తారన్న ఆలోచనే రాలేదు ఆ అమాయకుడికి. అక్కడే కూలబడ్డాడు.

ఆట ముగిశాక ప్రకాశం కుంటుకుంటూ బయటికి వచ్చాడు.

"మూడు పడ్డయి అన్నా."

"నేను చూడలే రా. ఏసు తోడు, గోడ దిక్కు గూడ తిరగలే."

ప్రకాశం అన్న భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వు చూడకున్నా ఓడినం గద. గిన్నేండ్లు నిన్ను ఉత్తగనే బయట కూసోబెట్టినం."

సీమోనుకు కోపం రావలసింది. ఏడుపొచ్చింది. "మరి నిన్ను ఇంకెప్పుడు చూడాలె రా?"

తమ్ముడు అతని చెయ్యి పట్టుకుని ఖాళీ అయిన గ్రౌండులోకి తీసుకెళ్లాడు. బంతి అన్న ముందు పెట్టి, తాను వెళ్లి గోలు ముందు వంగి నిలబడ్డాడు.

"కొట్టు అన్నా."

సీమోను చెప్పులు విడిచి గట్టిగా తన్నాడు. తన్నిన మరుక్షణమే, అలవాటు కొద్దీ, గోడవైపు తిరిగిపోయాడు. బంతి చేతుల్లో పడిన చప్పుడు మాత్రం వెనకనుంచి వినిపించింది.

"ఇటు తిరుగు అన్నా," అన్నాడు ప్రకాశం. "మల్ల కొట్టు."